అక్షర మెవరిది?

కెనడా దేశమునందలి ఆదిమజాతుల వయోజనులను గూర్చి ప్రసంగము వచ్చినప్పుడెల్ల ఆ దేశపు లెక్కలు ఒక్క తీరుగనే మాటలాడుచుండును: వీరిలో బడి చదువు ముగింపనివారు ఇతరులకన్న నధికముగా నున్నారు, కాగితము చదివి యర్థము చేసికొనుటలో వెనుకబడియున్నారు, కావున వీరికి చదువు చెప్పవలెను. మొదటి రెండు మాటలును నిజమే. మూడవదియు నిజమే గాని యది యర్ధసత్యము. ఎవరు చెప్పవలెను? ఏ భాషలో? ఎవరి యింట? ఎవరి ధర్మము నాధారముగా గొని? ఈ ప్రశ్నలను విడిచిపెట్టి ‘చదువు చెప్పవలెను’ అని బయలుదేరినవారివలన నేమగునో ఆ జాతులు నూరేండ్లకు మించి యనుభవించి యెరింగియున్నవి. పరాయి ప్రభుత్వమును, పరాయి బడిని చవిచూచిన మనకును ఆ కథ తెలిసికొనదగినదే.

కెనడాలో ఆదిమజాతులవారు 2021వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము సుమారు 18 లక్షలమంది కలరు. దేశజనులలో నూటికి అయిదుగురు. ఫస్ట్ నేషన్స్ అనబడు జాతులు, ఫ్రెంచివారితోను ఇతర యూరపీయులతోను కలిసి యేర్పడిన మెటిస్ జాతి, మంచునేలలయం దుండు ఇన్యూయిట్ జాతి అని మూడు తెగలు. వీరి భాషలు సుమారు డెబ్బది. ఆ భాషలలో నేదైన నొకదానియందు సంభాషింపగల ఆదిమజాతీయులు పై లెక్కల ప్రకారము 2 లక్షల 37 వేలమంది మాత్రమే. అనగా ఎనమండుగురిలో నొక్కనికి మాత్రమే తాతల మాట నిలిచియున్నదన్నమాట. ఇంత భాషానష్టము పొందిన జాతులకు వయోజనవిద్య యనగా నేమి? ఆంగ్లాక్షరములు ఇరువదియారును నేర్పి యుద్యోగపు దరఖాస్తు నింపించుటయేనా?

ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము చెప్పుటకు ముందొక చిత్రమైన సంగతి జ్ఞప్తికి దెచ్చుకొనవలసియున్నది. నేడు చదువులో వెనుకబడినవారని యే క్రీ జాతి పేరు పట్టికలలో నెక్కుచున్నదో, ఆ జాతి ముత్తాతలు బడి లేకయే చదువుకొనిరి!

1840వ సంవత్సరమున జేమ్స్ ఎవాన్స్ అను నొక ఆంగ్ల మతబోధకుడు విన్నిపెగ్ సరస్సున కుత్తరమున నున్న నార్వే హౌస్ అను వర్తకస్థానమునకు వచ్చెను. క్రీ భాషకు సరిపడునట్లు ఆతడొక లిపిని ప్రచారమునకు దెచ్చెను. అందలి మూలాకారములు తొమ్మిది. ఒక్కొక్క యాకారమును నాలుగు దిక్కులకు ద్రిప్పినచో నాలుగు అచ్చులు పలుకును. హల్లు ఆకారమునందును, అచ్చు దిక్కునందును నిలిచియుండును. మన బాలుడు పలకపై గుణింతము దిద్దునప్పుడు ఒకే హల్లు తలకట్టుతో నొకవిధముగను, గుడితో నొకవిధముగను, కొమ్ముతో మరియొకవిధముగను మారుచుండును గదా! ఆ మార్పునే క్రీ బాలుడు గుర్తును త్రిప్పి సాధించును. ఈ యూహ ఆంగ్లేయుల యక్షరమాలలో లేనిది. దేవనాగరి లిపినుండియు, పిట్మన్ సంక్షిప్తలేఖనమునుండియు నిది పుట్టియుండునని కొందరు పండితుల తీర్మానము. అదియే నిజమైనచో మన దేశపు వర్ణక్రమము భూగోళపు టావలి ప్రక్క మంచునేలపై మొలకెత్తినదని మనము సంతసింపవచ్చును.

అచ్చుయంత్రము లేనందున ఎవాన్స్ తేయాకు పెట్టెల లోపలి సీసపు రేకులను కరగించి యక్షరములు పోత పోసెను. తోళ్లు అదుము యంత్రముతో అచ్చొత్తెను. ఇదంతయు ఆతని ప్రజ్ఞకు నిదర్శనమే. అయితే మేము చెప్పదలచినది ఆతని ప్రజ్ఞను గూర్చి గాదు. ఆ తరువాత జరిగిన దానిని గూర్చి. ఆ యక్షరములను ఊరూరికిని మోసికొనిపోయినవారు మతబోధకులు గారు, ఇనస్పెక్టరులు గారు. వేటకు బోయినవారు రాత్రి నెగడు చెంత గూర్చుండి బొగ్గుముక్కతో భూర్జపత్రముపై వ్రాసి యొండొరులకు నేర్పుకొనిరి. మన కాశ్మీర పండితులు శాస్త్రములు వ్రాసికొనిన భూర్జవృక్షపు జాతియే అది. కొన్ని దినములలో నేర్వదగిన లిపి యగుటచే తండ్రి కొడుకునకును, అత్త కోడలికిని, మేనమామ మేనల్లునకును చెప్పుకొనిరి. దారిలో వెనుక వచ్చువారికై పట్టముక్కపై వార్త వ్రాసి యుంచిపోవుట వాడుకయైనది. మతబోధకు డింకను జేరని గుడారములకు అక్షరము ముందుగనే చేరినదని ఆ కాలపువారే వ్రాసియుంచిరి. అది క్రీ భాషనుండి ఒజిబ్వే భాషకును, ఉత్తరమున ఇన్యూయిట్ జాతికిని ప్రాకెను.

ఈ లిపి మొదట క్రైస్తవ కీర్తనలకై పుట్టినదే గదా, పరమతముతోబాటు వచ్చినదే గదా యని యెవరైన ననవచ్చును. నిజమే. కాని క్రీ పెద్దలు చెప్పుకొను కథ వేరు. మిస్తనాస్కోవేవ్ అను పుణ్యపురుషుడు పరలోకమునకు బోయి, ఆత్మలవలన నీ యక్షరములను వరముగా గొనివచ్చెనని వారి యైతిహ్యము. చరిత్రకారుడు ఈ రెండు కథలను దూచి యేది సత్యమో నిర్ణయించుకొనుగాక! మాకు ముఖ్యమైన దొక్కటే: ఒక జాతి యక్షరమును తన కథలోనికి జేర్చుకొని ‘ఇది మాది’ అని చెప్పుకొనినది. తనదని చెప్పుకొనిన దానిని నేర్చుకొనుటకు ఎవరి బలాత్కారమును అక్కరలేకపోయినది.

ఇక రెండవ కథ. 1876వ సంవత్సరమున ఫోర్ట్ కార్ల్టన్, ఫోర్ట్ పిట్ అను తావులలో క్రీ నాయకులకును ఆంగ్ల ప్రభుత్వమునకును ఆరవ యొడంబడిక జరిగెను. విశాలమైన భూములు ప్రభుత్వము వశమయ్యెను. ఒడంబడిక ఆంగ్లభాషలో వ్రాయబడెను. నాయకుల పేళ్లను ఇతరులు వ్రాయగా వానిచెంత గీటుగుర్తు లుంచబడెను. ఆ పత్రమునం దొక షరతు కలదు: జాతివారు కోరినప్పుడు వారికి విడిచిన భూములయందే ప్రభుత్వము పాఠశాలలు నడుపవలెను. పాఠకులీ షరతును గమనింతురుగాక! చదువు వలదని క్రీ నాయకులు చెప్పలేదు. రాబోవు కాలమున వేట చాలదని, అడవిదున్నలు అంతరించుచున్నవని, క్రొత్తవిద్య కావలెనని వారే కోరిరి. తమ నేలపై, తమ కోరికపై, తమ బిడ్డల కన్నుల యెదుట నడుచు బడిని వారు కోరిరి.

వారికి దొరకినదేమి? ఆ సంవత్సరముననే ఇండియను చట్టము పుట్టెను. విశ్వవిద్యాలయ పట్టము పుచ్చుకొనిన ఆదిమజాతీయుడు, న్యాయవాదియో మతాచార్యుడో యైనవాడు, చట్టము ప్రకారము తన జాతిహక్కును గోల్పోయి సామాన్య పౌరుడై పోవునట్లు అందు విధింపబడెను. చదువునకు కట్టిన వెల జాతి! ఇట్టి చట్టమును జేసి, వీరు చదువుకొనుటకు ముందునకు రారని నిందించిన నేమి న్యాయము?

1883వ సంవత్సరమున ఆ యొడంబడిక భూములయందే బాటిల్‌ఫర్డ్‌లో ప్రభుత్వపు వసతి పాఠశాల వెలసెను. తరువాత నట్టివి దేశమంతట వ్యాపించెను. 1920వ సంవత్సరపు చట్టసవరణచే బిడ్డలను పంపుట నిర్బంధ మయ్యెను. తల్లిదండ్రులనుండి వేరుచేసి, జడలు కత్తిరించి, పేరు మార్చి, సంఖ్య నిచ్చి, మాతృభాష పలికినందుకు దండించి, పెక్కుచోట్ల సగము దినము తరగతిలోను సగము దినము పొలమునందో వంటయింటనో చాకిరిలోను గడపించిరి. మొత్తముమీద లక్షన్నరకు బైగా పిల్లలు ఆ బడులయందు పెరిగిరి. చివరి బడి 1990ల దశాబ్దిలోగాని మూతబడలేదు. 2008వ సంవత్సరమున ఆ దేశపు ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పెను. సత్యమును విచారించి సమాధానము గూర్చుటకై నియమింపబడిన సంఘము 2015వ సంవత్సరమున నివేదిక నిచ్చుచు, దీనిని సంస్కృతి హత్య యని పేర్కొనెను. 3,200 మంది బాలుర మరణములను లెక్కకు దెచ్చి, యింకను లెక్కకు రానివి కలవని చెప్పెను.

ఇప్పుడు రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. బడిలేని కాలమున నెగడు చెంత అక్షరము పరుగులెత్తినది. బడి నిర్బంధమైన కాలమున అక్షరము కుంటుపడినది. జాతి యదే, బుద్ధి యదే. మారినది అక్షరము వచ్చిన త్రోవ. మొదట నది చుట్టము వలె నింటికి వచ్చెను. పిమ్మట బంటు వలె వచ్చి బిడ్డను లాగికొనిపోయెను. సగము దినము చాకిరితో గడిచిన చదువు తీసికట్టుగా నుండుటలో వింత లేదు. అంతకన్న గొప్ప హాని మరియొకటి కలదు. అక్షరము చూచిన భయపడు అలవాటు ఆ బడి నేర్పినది.

ఏబదియేండ్లు దాటిన యొక స్త్రీని పాఠకులు మనస్సున నూహించుకొందురుగాక! ఆమె బాల్యమున నట్టి బడిలో నుండినది, లేక ఆమె తల్లి యుండినది. నేడు మనుమరాలి బడినుండి వచ్చిన యుత్తరము చదువుకొనవలెనని ఆమెకు గోరిక కలదు. వయోజనుల తరగతి యున్నదని విని వచ్చినది. గదిలో వరుసగా బల్లలు, ముందు నిలువబడి ప్రశ్నించు నుపాధ్యాయుడు, గంట మ్రోత, తప్పునకు ఎర్రసిరా గీత. ఆమె కాళ్లు గడపయొద్దనే నిలిచిపోవును. మరునాడు రాదు. నివేదిక వ్రాయువాడు ‘శ్రద్ధ లేదు’ అని వ్రాయును. అది శ్రద్ధ లేకుండుట గాదు, మానని గాయము. గాయమును జూడక పాఠము చెప్పబోవువాడు గాయమును మరల రేపుచున్నాడు.

ఈ రహస్యమును మొదట గ్రహించినవారు ప్రభుత్వపు విద్యాధికారులు గారు, ఆ జాతివారే. ఆల్బర్టా రాష్ట్రమున సెయింట్ పాల్ పట్టణపు సమీపమున బ్లూ క్విల్స్ అను వసతి పాఠశాల యుండెను. అదియు ఆరవ యొడంబడిక భూమియే. ఆ బడిని చాలించి పిల్లలను పట్టణపు బడులకు బంపు నాలోచన ప్రభుత్వమునకు గలిగినది. 1970వ సంవత్సరము జూలై మాసమున చుట్టుప్రక్కల జాతులవారు, వృద్ధులు, తల్లులు, బిడ్డలు ఆ కట్టడమును బ్రవేశించి యచ్చటనే కూర్చుండిరి. ఏ గోడలు తమను బాధించినవో ఆ గోడలను విడిచి పారిపోలేదు. వానినే తమకిమ్మని పట్టుబట్టిరి! రెండు వారములకు మించి కదలలేదు. ఒక్క కఱ్ఱయు నెత్తలేదు. మన భాషలో దీనికి సత్యాగ్రహమని పేరు. తుదకు ప్రభుత్వము లోబడినది. బడి వారి చేతికి వచ్చినది. కెనడాలో ఆదిమజాతుల యధీనమునకు వచ్చిన మొదటి విద్యాలయ మదియే. నేడది యేడు జాతులకు జెందిన విశ్వవిద్యాలయమై, 2015వ సంవత్సరమునుండి డెనే, క్రీ భాషల పదములు గల పేరుతో వెలయుచున్నది. 1972వ సంవత్సరమున అఖిలదేశ ఆదిమజాతుల సంఘము ‘ఇండియనుల విద్యపై ఇండియనుల యధికారము’ అను శాసనప్రాయమైన పత్రమును బ్రకటించెను. తల్లిదండ్రుల బాధ్యత, స్థానికుల పెత్తనము – ఇవి యందలి రెండు మూలసూత్రములు.

ఆ త్రోవనే నడచిన వయోజనవిద్య యెట్లుండును? మొదట గది మారును. వరుసలు పోయి వలయము వచ్చును. ఒక యీకయో, రాయియో చేతినుండి చేతికి బోవుచుండును. అది యెవరి చేతనున్నదో వారే మాటలాడవలెను, తక్కినవారు వినవలెను. ఇష్టము లేనివారు మాటలాడకయే ముందునకు బంపవచ్చును. వినుట నేర్చుట యక్కడ చదువునకు మొదటి మెట్టు. జాతి పెద్ద యొకరు తరగతిలో నుందురు. వారు అతిథులు గారు, గురువులు. పెక్కుచోట్ల సుగంధతృణముతోనో ఆకుతోనో ధూపము వేసి పని యారంభింతురు. చంటిబిడ్డతో వచ్చిన తల్లిని వెనుకకు బంపరు. ఏలయన, వారి దృష్టిలో చదువుకొనునది ఒంటరి వ్యక్తి గాదు, కుటుంబము.

పాఠము మారును. పెద్ద చెప్పిన వాగు పేరు, ఆ పేరు వెనుక నున్న కథ, విద్యార్థులే వ్రాయుదురు. వారు వ్రాసినది కుట్టిన చిన్న పుస్తకమై మరునాటివారికి వాచకమగును. వాచకమునందలి జనులు తమవారు, చేపలు తమ చెరువువి, చలి తమ యెముకలకు దెలిసిన చలి. పూసలు గ్రుచ్చుచు కొలతలు లెక్కింతురు. డప్పు కట్టుచు మాటలు నేర్తురు. దానితోబాటు వైద్యుని చీటి, మోటారు నడుపు లైసెన్సు, గ్రామసభ తీర్మానము, ఒడంబడిక షరతులు – ఇవియు బాఠములే. 1927వ సంవత్సరమునుండి 1951వ సంవత్సరము వరకు తమ భూముల దావాలకై ప్రభుత్వపు అనుమతి లేక చందాలు ప్రోగుచేయుటయే నేరముగా నుండినది. అట్టి చట్టము క్రింద నలిగిన జనులు తమ యొడంబడికను తామే చదువుకొనుట యనునది కేవల విద్యాభ్యాసము గాదు. అది స్వరాజ్యమునకు నాంది.

ఈ విద్యకు గొలమానమును మారును. మైదానపు జాతులును, ఒజిబ్వేలును ‘మెడిసిన్ వీల్’ అను నొక చక్రమును జ్ఞానచిహ్నముగా వాడుదురు. దేహము, బుద్ధి, హృదయము, ఆత్మ – ఈ నాలుగు దిక్కులును సమముగా నున్నగాని మనుష్యుడు పూర్ణుడు గాడని దాని భావము. బుద్ధికి మాత్రమే పరీక్ష పెట్టి తక్కిన మూటిని బడి గేటు వెలుపల నిలువబెట్టుట తమ చదువు గాదని వారు చెప్పుదురు. ఒజిబ్వే జాతీయురాలగు ప్రిసిల్లా జార్జి – ఆమెకు నింగ్వాక్వే అని జాతి పేరు – ఈ భావమునే యింద్రధనుస్సుగా వివరించెను. మాతృభాష యొక రంగు. వాక్కుతో నేర్చి వాక్కుతో నేర్పు విద్య యొక రంగు. చిహ్నములను, చేష్టలను చదువుట యొక రంగు. ఆంగ్లము ఫ్రెంచి వంటి భాషల చదువొక రంగు. యంత్రముల చదువొక రంగు. ఆత్మసంస్కారము, ఆచారము నొక రంగు. అన్నిటిని నొక్కటిగా గూర్చునది యేడవ రంగు. ఒక రంగును మాత్రమే తీసికొని ఇదియే యింద్రధనుస్సని చెప్పిన నెవరు నమ్ముదురు?

ఇందుపై వచ్చు నాక్షేపణలు మాకు దెలియనివి గావు. మొదటిది: ఆంగ్లము రానిచో పొట్ట గడుచుటెట్లు? ఈ జనులు ఆంగ్లము వలదని యెన్నడు ననలేదు. పైన జెప్పిన యేడు రంగులలో నది యొకటి. వారు వలదనునది ఆంగ్లము రావలెనన్న తక్కిన యారును పోవలెనను బేరమును. రెండవది: కథలు చెప్పుకొనుట, ధూపము వేయుట కాలహరణము గదా? వరుసల బల్లల యెదుటికి రానివారు వలయములోనికి వచ్చుచున్నారన్న, కాలము హరించిన దెవరు? మూడవది కొంత బరువైనది: సంస్కృతి పేరుతో జనులను పాతకాలమునకు గట్టివేయరాదు. ఇది మేము నంగీకరింతుము. పట్టణములయందు బుట్టి పెరిగి, మాతృభాష యొక్క ముక్కయు రానివారు ఆ జాతులలో లక్షలమంది కలరు. డెబ్బది భాషల జనుల కెల్లరకు నొకే చక్రము, ఒకే ధూపము అంటగట్టుటయు దప్పే. మైదానపువాని చిహ్నము సముద్రతీరపువానికి దనది గాకపోవచ్చును. కాని దీనికి విరుగుడు సంస్కృతిని దీసివేయుట గాదు, ఏది తమదో ఆయా జనులనే తేల్చుకొననిచ్చుట. రాజధానిలో నచ్చొత్తిన ‘ఆదిమజాతి వాచకము’ రాజధాని వాచకమే గాని జాతి వాచకము గాదు.

కెనడా ప్రభుత్వము 2019వ సంవత్సరమున ఆదిమభాషల చట్టమును జేసినది. మంచిదే. చట్టము చేసినవారు మూడు పనులు చేయక తప్పదని మా యభిప్రాయము. మొదటిది, ధనమిచ్చి యధికారము తమచేత నుంచుకొనుట మానవలెను. పుస్తకము, ఉపాధ్యాయుడు, కాలనియమము – ఇవి జాతివారి నిర్ణయమునకు వదలవలెను. రెండవది, ఒక యేటికి ధనమిచ్చి మరుసటి యేట దరఖాస్తు పెట్టుకొమ్మను పద్ధతిని విడువవలెను. నూరేండ్లు గాయపరచి, పండ్రెండు నెలలలో మాన్పి లెక్క చూపుమనుట న్యాయమా? మూడవది, ఫలితమును ఉద్యోగముల సంఖ్యతో మాత్రమే కొలువరాదు. భయము వీడి గడప దాటిన తల్లి, మనుమనికి కథ చదివిన తాత, గ్రామసభలో లేచి ప్రశ్నించిన యువకుడు – వీరు ఏ పట్టికలో నెక్కుదురు? ఎక్కు పట్టిక లేనిచో పట్టికను మార్చవలెను గాని మనుష్యులను గాదు.

ఇంతదూరము పరదేశపు కథ చెప్పితిమి. ఇతరుల ఇంటి దోషము లెంచుట సుఖము. మన యింటి సంగతి యేమి? తెలుగుదేశపు టేజెన్సీ కొండలలో సవరలు, కోయలు, గోండులు, కొండదొరలు కలరు. ఈ నేలపై గిడుగు రామమూర్తిపంతులుగారు పర్లాకిమిడిలో సవరభాష నేర్చి, ఆ భాషలోనే పుస్తకములు వ్రాసి, తమ సొమ్ముతో బడులు నడిపిరి. 1931వ సంవత్సరమున వారి సవర వ్యాకరణము మద్రాసున బ్రకటింపబడెను. కొండవాని చదువు కొండవాని మాటతో మొదలుకావలెనని వారు మన కాలమునకు జాల ముందుగనే తమ బ్రతుకుతో జూపిరి. పంతులుగారికి మనము జయంతులు సలుపుచున్నాము. వారు వేసిన యా త్రోవను గడ్డి కప్పివేసినది. మైదానపు టుపాధ్యాయుడు కొండయూరికి బోయి, సవరబిడ్డ మాటను నేటికిని ‘యాస’ యని నవ్వుచున్నచో మనకును బాటిల్‌ఫర్డ్ బడికిని గల దూరము మన మనుకొనునంత యెక్కువ గాదు.

అక్షరము జనుల బ్రతుకుతో ముడివడినప్పు డేమగునో మన స్త్రీలే మనకు జూపియున్నారు. 1990ల దశాబ్ది యారంభమున నెల్లూరు జిల్లాలో రాత్రిబడులకు వచ్చిన కూలి స్త్రీలు తమ యిండ్లను గూల్చుచున్న సారాను గూర్చి చదివిరి, మాటలాడుకొనిరి, లేచి దుకాణములను మూయించిరి. దూబగుంటలో మొదలైన ఆ పట్టుదల రాష్ట్రమంతయు నల్లుకొనెను. ఆ స్త్రీలకు అక్షరములు చాల రాకపోవచ్చును. వచ్చినవి మాత్రము తమవి. క్రీ వేటగాండ్రకు భూర్జపత్రముపై వ్రాత యెట్టిదో, వీరికి ఆ పాఠ మట్టిది.

వయోజనునకు చదువు చెప్పబోవు ప్రతివాడును, కెనడాలోనైనను కొండయేజెన్సీలోనైనను, గడప యొద్ద నొక్క నిమిషము నిలువవలెను. ఎదుట నున్నవాడు శూన్యమైన పాత్ర గాడు. ఆతనికి వానలు తెలియును, మూలికలు తెలియును, చుట్టరికములు తెలియును, ఆ యూరి తగవులు తీర్చుట తెలియును. ఆతనికి దెలిసినదానిని ముందు విని, దానిపై నక్షరమును నిలిపినవాడే గురువు. వినకయే చెప్పబోవువాడు ఎంతటి పండితుడైనను ఆ పూర్వపు బడుల పంతులకు వారసుడే యగును. ఆరవ యొడంబడికలో క్రీ పెద్దలు వ్రాయించుకొనిన షరతు – తమ నేలపై, తమ కోరికపై చదువు – నూటయేబదియేండ్ల నాడు న్యాయమైనది. నేడును న్యాయమైనది. దానిని నెరవేర్చుట ఋణము దీర్చుటయే గాని దానము చేయుట గాదు.